ఆటలకు మాత్రమే, ఆఫీసు పనికి వాడరాదు

మా ఆఫీసు కంప్యూటరు జులై రెండో తారీకు ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు కన్ను మూసింది. టైము ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఆఖరి ఘడియలో దాని ముందు కూర్చున్నది నేనే. నెత్తిమీద రెండుసార్లు తట్టాను. డొక్కలో ఒకటి ఇచ్చాను. ఊహూఁ, లేవలేదు. పదమూడేళ్లు నన్ను కాల్చుకు తిన్న యంత్రం, పోతూ పోతూ ఒక్క మాటైనా చెప్పకుండా పోయింది.

నా పేరు సోమయాజులు. స్థానికతా ధ్రువీకరణ శాఖ జిల్లా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. ఫలానా మనిషి ఫలానా ఊరి మనిషేనని కాగితం ఇవ్వడం మా శాఖ పని. ఆ మనిషి ఆ ఊళ్లోనే పుట్టి, ఆ ఊళ్లోనే పెరిగి, ఆ ఊళ్లో అందరితో పోట్లాడి ఉన్నా సరే, మా కాగితం లేకపోతే ఎక్కడి మనిషీ కాదు. కాగితం కంప్యూటరులోంచే రావాలి. చేత్తో రాసిస్తే చెల్లదు. దాంతో జులై రెండు నుంచి మా జిల్లాలో జనం ఎక్కడివాళ్లూ కాకుండా గాల్లో వేలాడుతున్నారు.

వాళ్లలో అందరికంటే ముందు దరఖాస్తు పెట్టింది మట్టా సౌందర్య. ఆ పిల్ల తరఫున రోజూ ఆఫీసుకి వచ్చేది తల్లి ఆదిలక్ష్మి. రొయ్యల షెడ్డులో పని. వచ్చి వరండాలో నిలబడేది.

"బాబుగారూ, మా పిల్లకి చేపల పాలిటెక్నిక్‌లో సీటొచ్చిందండి. ఇరవైనాలుగో తారీకున కౌన్సిలింగంటండి. మీ కాయితం పట్టికెళ్లకపోతే ఆ సీటు ఇంకోళ్లకి ఇచ్చేత్తారంట. రెండేళ్లు నాతోపాటు రొయ్య ఒలుస్తా చదివిందండి అది."

"కంప్యూటరు పాడైందమ్మా. కొత్తది రాగానే మొదట నీదే."

"ఎప్పుడొచ్చుద్దండి?"

అది నాకేం తెలుసు? మా జాయింట్ డైరెక్టరు పాకలపాటి విజయసారథిగారిని అడిగాను. ఆయన కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి నన్ను జాలిగా చూశారు.

"ఏవయ్యా సోమయాజులూ, ల్యాప్‌టాప్ అంటే వంకాయలు కొన్నట్టనుకున్నావా? కమిషనరేటు సర్క్యులర్ చదివావా?"

చదివాను. అందులో ఇలా ఉంది: "ఇకమీదట ల్యాప్‌టాప్ కొనుగోలుకు ముందు, పరస్పరము పోటీలో ఉన్న కనీసము రెండు ప్రాసెసర్ల గేమింగ్ సామర్థ్యమును స్వయముగా ఆడి, పోల్చి, నిర్ధారించుకొనవలెను. ఆడకుండా కొనుగోలు చేసిన అధికారి వ్యక్తిగతముగా బాధ్యుడగును."

దీని పుట్టుక చెప్పాలి. మా కమిషనరుగారు కిందటేడు మూడు రోజుల శిక్షణకు వెళ్లారు. అక్కడ పాఠం చెప్పిన కుర్ర లెక్చరరెవరో "గేమ్‌ని తట్టుకున్న ప్రాసెసర్ ఏ పనినైనా తట్టుకుంటుంది సార్" అన్నాడట. కమిషనరుగారు ఆ మాట నోటుబుక్కులో రాసుకుని కింద గీత గీశారు. గీత గీసిన వాక్యం మా శాఖలో వారం తిరిగేసరికి రూలైపోతుంది.

పన్నెండో తారీకున రెండు కంపెనీలవాళ్లు చెరొక నమూనా ల్యాప్‌టాప్ తెచ్చి పెట్టి వెళ్లారు. ఒకదానిమీద ఎర్ర స్టిక్కరు, రెండోదానిమీద నీలం స్టిక్కరు. లోపల ఉన్నవి ఒకదాని పేరు చెబితే ఒకటి మండిపడే రెండు ప్రాసెసర్లు. ఫైల్లో వాటిని "ఎర్ర పక్షము", "నీలి పక్షము" అని రాసుకున్నాం. స్విచ్ వెయ్యగానే రెండూ తళుక్కుమని వెలిగాయి. వరండాలోంచి ఆదిలక్ష్మి చూసింది.

"వచ్చేసినట్టున్నాయి కదండీ! రెండొచ్చినాయి!"

నాకూ ప్రాణం లేచొచ్చింది. పరుగున సారు గదిలోకి వెళ్లి, "సార్, పరీక్ష సంగతి తర్వాత. ఒక గంట నాకిస్తే ముందు ఆ పిల్ల సర్టిఫికెట్ తీసేస్తాను" అన్నాను.

"తీస్తే అవి నమూనాలు ఎలా అవుతాయయ్యా? వాడిన యంత్రాలవుతాయి. పని చేస్తే పరీక్ష చెడుతుంది. పరీక్ష అంటే ఆట. ఆట తప్ప ఇంకేమీ చెయ్యడానికి వీల్లేదు" అని, అక్కడికక్కడే రెండు చీటీలు రాసి రెండు ల్యాప్‌టాప్‌లకూ అంటించారు. "ఆటలకు మాత్రమే. ఆఫీసు పనికి వాడరాదు."

ఇలా మా కార్యాలయంలో రెండు బ్రహ్మాండమైన కంప్యూటర్లు, నాలుగొందల పైచిలుకు దరఖాస్తులు ఒకే బల్లమీద పక్కపక్కన కాపురం మొదలుపెట్టాయి.

మర్నాడు మొదటి పరీక్ష. ఆట కార్ల పందెం, మూడు చుట్లు. ఎర్ర పక్షంమీద సారు, నీలి పక్షంమీద నేను. సారు కారు రోడ్డుకి ఎడమవైపునే, ముప్ఫై దాటకుండా, హారన్ కొట్టుకుంటూ బయల్దేరింది. పక్కనుంచి తక్కిన కార్లు రయ్యిమని పోతుంటే, "ఎవడయ్యా వాడు? ఎవర్ని దాటుతున్నాడో చూసుకోడా? నంబరు రాసుకో" అన్నారు. రాసుకున్నాను.

రాసుకునే హడావిడిలో నా కారు చూసుకోలేదు. అది సారుని దాటి అర చుట్టు ముందుకు పోయింది. ఇరవై ఆరేళ్ల సర్వీసు నాది. పై అధికారిని దాటినవాడి గతి ఏమౌతుందో తెలియనివాణ్ని కాదు. వెంటనే కారు రోడ్డు పక్కకి తీసి ఆపేశాను. సారు నలభై నిమిషాలకి మూడు చుట్లూ పూర్తి చేశారు. ఎర్ర పక్షం గెలిచిందని ఫైల్లో రాశాను.

న్యాయం కోసం యంత్రాలు మార్చుకున్నాం. ఈసారి నీలి పక్షం గెలిచింది.

ఆ తర్వాత ఆఫీసంతా వంతులవారీగా ఆడింది. సూపరింటెండెంటుతో నేను ఓడిపోయాను. నాతో జూనియర్ అసిస్టెంటు ఓడిపోయాడు. వాడితో టైపిస్టు ఓడిపోయింది. ఆ అమ్మాయి ఇంటి దగ్గర రోజూ ఇదే ఆట ఆడుతుందని అందరికీ తెలుసు. మొత్తం ఇరవై రెండు పందాలయ్యాక సారు చెప్పగా నేను రాసిన వాక్యం ఇది: "ప్రాసెసర్ల వేగము, వాటి ముందు కూర్చున్న అధికారి హోదాను బట్టి హెచ్చుతగ్గులగుచున్నట్లు గమనించడమైనది."

నాకు ఒళ్లు మండింది. "సార్, తెరమీద ఆ మూల చూడండి. సెకనుకి ఎన్ని బొమ్మలు గీస్తోందో యంత్రమే చెబుతోంది. ఎర్రది నూట నలభై రెండు, నీలిది నూట ముప్ఫై తొమ్మిది. అది రాసేస్తే పోయె."

సారు తల అడ్డంగా ఊపారు. "అది యంత్రం తన గురించి తాను చెప్పుకుంటున్న గొప్ప. అందరూ చెప్పుకుంటారు. పై అధికారి ధ్రువీకరించనిదే అలాంటివి పరిగణనలోకి తీసుకోరాదు."

"పోనీ వేడి చూద్దామా సార్? ఎర్రది వేడెక్కుతోంది. నీలిది చల్లగానే ఉంది కానీ ఫ్యాను రొద పెడుతోంది."

"వేడెక్కడం, రొద పెట్టడం క్రమశిక్షణకు సంబంధించిన విషయాలు. సామర్థ్యానికి కాదు. మనకి కావలసింది సమాన హోదా గల ఇద్దరు అధికారులు" అన్నారు. అన్నాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అలాంటివాళ్లు మా ఆఫీసులో ఇద్దరే ఉన్నారు మరి.

డిప్యూటీ డైరెక్టర్లు కృపావతిగారు, లింగమూర్తిగారు. ఇద్దరూ ఈ పదవిలో ఒకే రోజు, ఒకే పూట, ఒకే గుమ్మంలోంచి వచ్చి చేరారు. ఎవరి కాలు ముందు లోపల పడిందన్నది పదకొండేళ్లుగా కోర్టులో ఉంది. తీర్పు వచ్చేదాకా వాళ్లిద్దరి మధ్య యథాతథ స్థితి కొనసాగాలని కోర్టు ఉత్తర్వు. అప్పట్నుంచి ఇద్దరూ మీటింగులకు కూడా ఒకే క్షణంలో లేస్తారు, ఒకే క్షణంలో కూర్చుంటారు.

పదహారో తారీకున వాళ్లు ఆటకి కూర్చున్నారు. ఆడారు కూడా, చక్కగా, పక్కపక్కనే, వెంట్రుకవాసి తేడా లేకుండా. మూడో చుట్టు చివర గెలుపు గీతకి బారెడు దూరంలో రెండు కార్లూ టక్కున ఆగిపోయాయి.

"దాటండి లింగమూర్తిగారూ" అన్నారు కృపావతిగారు.

"అబ్బే, మీరు దాటండి మేడమ్."

"నేను దాటితే రేపు మీ లాయరు దీన్ని సీనియారిటీ అంటాడుగా?"

"నేను దాటితే మీరు కోర్టు ధిక్కారం అనరూ?"

రెండున్నర గంటలు కార్లు అలాగే నిలబడ్డాయి. ఎర్రది పెనంలా కాలింది. నీలిది రైస్‌మిల్లులా మోగింది. చివరికి రెండు బ్యాటరీలూ అయిపోయి తెరలు నల్లబడ్డాయి. ఆ గీత దాటవచ్చునా అన్న విషయంమీద ప్రభుత్వ న్యాయవాది సలహా కోసం ఫైలు పంపాం. సలహా వచ్చింది. అందులో రెండు వాదాలకూ బలముందని ఉంది.

ఆదిలక్ష్మి రోజూ వస్తూనే ఉంది. రోజూ "ఇయ్యాల అవుద్దాండి?" అనేది. నేను "ఆడుతున్నారమ్మా" అనేవాణ్ని. నా నోటితో ఆ మాట అనడానికి సిగ్గేసేది. ఏం చెప్పను? నిజం అదే కదా.

పందొమ్మిదో తారీకున సారుకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "హోదా ఉంటేనే కదయ్యా ఈ తంటా! అసలు ఏ హోదా లేని మనిషితో ఆడిస్తే?"

"అలాంటివాళ్లు ఎక్కడ దొరుకుతారు సార్?"

ఆయన వరండావైపు వేలు చూపించారు. ఆదిలక్ష్మిని లోపలికి పిలిచాను. సారు స్వయంగా కుర్చీ వేయించారు. మా ఆఫీసు చరిత్రలో దరఖాస్తుదారు కూర్చోవడం అదే మొదలు. ఆవిడ అంచుమీద కూర్చుని, కాగితం చేతికొస్తుందన్న ఆశతో నావైపు చూసింది. నేను కిటికీవైపు చూశాను.

"చూడమ్మా, నువ్వు ఈ కారు నడపాలి. ప్రభుత్వ కార్యం" అన్నారు సారు.

"నాకు సైకిలే రాదండి."

"రాకపోవడమే కావాలి. నిష్పక్షపాతంగా ఉంటుంది. అయితే ఒక చిన్న లాంఛనం. పరాయి జిల్లా మనిషితో ఆడించారని రేపు ఆడిట్‌వాళ్లు అనకూడదు. నువ్వు ఈ జిల్లా దానివేనని ఒక సర్టిఫికెట్ కావాలి."

"అదెవరిత్తారండి?"

"మేమే ఇస్తాం. కంప్యూటరు రాగానే."

ఆదిలక్ష్మి కుర్చీ వెనక్కి తోసేసి లేచి నిలబడింది.

"మీ ఆటలు మండిపోనూ! పనికెళ్లకుండా పదిహేడు రోజులు ఈ గుమ్మంలో నిలబడ్డానండీ! మేస్త్రి రేపట్నుంచి రావద్దన్నాడు. మీరు కూకుని బొమ్మల కార్లు తోలుకుంటన్నారా? నా పిల్ల ఏ ఊరి పిల్లో ఊళ్లో గొడ్డూ గోదాకి తెలుసు. మీకు తెల్వదా?"

ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. కోపం కూడా వచ్చింది. సారుమీద, కమిషనరుమీద, అందరికంటే ఎక్కువ, చెట్టంత మనిషినై కారు రోడ్డు పక్కన ఆపుకుని కూర్చున్న నామీద. సారు మాత్రం "అభ్యర్థి అనాసక్తి వ్యక్తపరిచినది అని రాయి" అన్నారు.

రాయలేదు. ఆ రోజంతా, ఆ మర్నాడూ సర్క్యులరు ముందేసుకుని నాలుగుసార్లు చదివాను. ఆట ఆడాలని ఉంది. ఆట అంటే ఏమిటో మాత్రం ఎక్కడా లేదు. ఇరవై రెండో తారీకున ఒక నోట్ తయారు చేసి సారు ముందు పెట్టాను.

"సార్, కార్ల పందెం మన శాఖ స్థాయికి తగ్గ ఆట కాదు. ఇంకో కొత్త ఆట ఉంది. పేరు 'ధ్రువీకరణ'."

"ఎలా ఆడాలి?"

"ఇద్దరు ఆటగాళ్లు. ఎదురుగా జనం వస్తూ ఉంటారు సార్. ఒకళ్ల తర్వాత ఒకళ్లు, ఎడతెరిపి లేకుండా. ఒక్కొక్కళ్ల వివరాలు పట్టుకుని, సరిచూసి, కాగితం కొట్టి పంపించెయ్యాలి. ఒక కాగితానికి ఒక పాయింటు. తప్పు కొడితే ఒక ప్రాణం పోతుంది."

"జనం ఊరికే వస్తారా? దాడి చేస్తారా?"

"మొన్న ఒకావిడ చేసింది కద సార్."

సారు ఆసక్తిగా ముందుకి వంగారు. "బొమ్మలు బావుంటాయా?"

"రాజముద్ర ఉంటుంది సార్. రంగుల్లో."

"ఎంతమందిని పంపిస్తే ఆట అయిపోతుంది?"

"నాలుగు వందల పదిహేడు."

సారుకి ఆ అంకె ఎక్కడో విన్నట్టనిపించినా, ఎక్కడో గుర్తు రాలేదు. "ఆట పరీక్షకు అనుమతించడమైనది" అని సంతకం పెట్టారు. ఆటగాళ్లు ముందే చూసుకోకుండా దరఖాస్తుల కట్టకి లక్కముద్ర కూడా వేయించారు, ఆట సామగ్రి అని.

ఇరవై మూడో తారీకు పదింబావుకి ఆట మొదలైంది. ఎర్రదానిమీద కృపావతిగారు, నీలిదానిమీద లింగమూర్తిగారు. సర్టిఫికెట్ల మీద సంతకం చేసే అధికారం వాళ్లిద్దరికీ, సారుకీ తప్ప ఎవరికీ లేదు. నేను కట్టలోంచి ఒకటి అటు, ఒకటి ఇటు అందించాను.

ఆహా, ఏం చెప్పమంటారు! పదకొండేళ్లుగా ఏ ఫైలునైనా వారం రోజులు మగ్గబెడితే గాని తెరవని ఇద్దరు అధికారులు చొక్కా చేతులు మడిచి, చీర కొంగు బిగించి విరుచుకుపడ్డారు. కోర్టు భయంతో ఒకరినొకరు దాటరు, పరువు భయంతో వెనకబడరు. ఒకరు ఎంటర్ నొక్కితే రెండోవారూ నొక్కాల్సిందే. ప్రింటర్లు ఊపిరి తీసుకోలేదు. సిబ్బంది చుట్టూ చేరి చప్పట్లు. అరగంటలో భోజనాలు ముగించి మళ్లీ కూర్చున్నారు. వరండాలో జనం పేరు వినపడగానే వచ్చి కాగితం పట్టుకుని, నమ్మలేక వెనక్కి తిప్పి చూసుకుని మరీ పోయారు. నేను కబురు పెడితే ఆదిలక్ష్మి కూతుర్ని తీసుకుని వచ్చింది.

నాలుగూ నలభైకి కృపావతిగారి లెక్క రెండొందల ఎనిమిది. లింగమూర్తిగారి లెక్క రెండొందల ఎనిమిది. ఇద్దరూ ఒకేసారి చేతులు పైకెత్తేశారు.

నా చేతిలో ఒక్క దరఖాస్తు మిగిలింది. మా ఆఫీసులో కట్ట ఎప్పుడూ పైనుంచి తీస్తాం. అందువల్ల అందరికంటే ముందు ఇచ్చినవాళ్లది అందరికంటే అడుగున ఉంటుంది. మట్టా సౌందర్య.

"ఒకటుంది సార్" అన్నాను.

"నేను కొట్టను. యథాతథ స్థితి" అన్నారు కృపావతిగారు.

"నేనూ కొట్టను" అన్నారు లింగమూర్తిగారు.

గుమ్మంలో ఆ పిల్ల తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది. ఆఫీసు మూసెయ్యడానికి ఇరవై నిమిషాలు. పొద్దున్నే కౌన్సెలింగు. సారు "పోన్లే, సరిసమానం అని రాసేసి ముగించు" అంటూ కళ్లజోడు తీస్తున్నారు.

"రాస్తాను సార్. కానీ పట్టికలో మీ గడి కూడా ఉంది" అన్నాను.

"నా గడా?"

"కృపావతిగారు రెండొందల ఎనిమిది, లింగమూర్తిగారు రెండొందల ఎనిమిది, జాయింట్ డైరెక్టరుగారు సున్నా. కమిషనరుగారు చూస్తారు కదా సార్. కిందివాళ్ల చేతిలో..." అని మిగతాది మింగేశాను.

సారు మొహం కందగడ్డయింది. కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. కుర్చీలోంచి కృపావతిగారిని లేపి, తాను కూర్చుని, ఒక్క వేలితో, పేరులో ప్రతి అక్షరం నన్ను అడిగి కొట్టుకుంటూ, తొమ్మిది నిమిషాల్లో ఆ సర్టిఫికెట్ తీశారు. ఆఖరి కాగితం ఎవరిదైతే గెలుపు వాళ్లదని నేను అక్కడికక్కడే ప్రకటించాను. రెండొందల ఎనిమిదీ, రెండొందల ఎనిమిదీ ఓడిపోయి, ఒకటి గెలిచింది. డిప్యూటీ డైరెక్టర్లిద్దరూ ఒకేసారి చప్పట్లు కొట్టారు.

కాగితం సౌందర్య చేతిలో పెట్టాను. ఆ పిల్ల దాన్ని మొదటినుంచి చివరిదాకా చదువుకుంది. ఆదిలక్ష్మి నాకు దణ్ణం పెట్టబోతే, "నాకెందుకమ్మా, బస్సుకి టైమవుతోంది, వెళ్లండి" అని కసిరాను. కసరకపోతే నేనే ఏడ్చేసేవాణ్ని.

నివేదిక పంపించాం. రెండు ప్రాసెసర్లూ సమానమే, ఏది కొన్నా ఒకటే, సగటున సర్టిఫికెట్‌కి ఒక నిమిషం నలభై సెకన్లు పట్టిందని రాశాం. పదిహేను రోజులకి కమిషనరేటు నుంచి జవాబు వచ్చింది.

"ధ్రువపత్రము జారీకి నిర్ణీత గడువు ముప్పది దినములు. అది ఒక నిమిషము నలభై సెకన్లలో వెలువడినచో, మిగిలిన ఇరువది తొమ్మిది దినముల ఇరువది మూడు గంటల యాభై ఎనిమిది నిమిషముల ఇరువది సెకన్లు సిబ్బంది ఏమి చేయుచున్నారను ప్రశ్న ఉత్పన్నమగును. అట్టి ప్రశ్న ఉత్పన్నము కారాదు. కావున అవసరమునకు మించిన వేగము కలిగియున్న కారణమున ఉభయ ప్రాసెసర్లును తిరస్కరించి, నమూనాలను వాపసు చేయవలెను. ఆట ద్వారా వెలువడిన నాలుగు వందల పదిహేడు పత్రములను ఆట ఫలితములుగా మాత్రమే పరిగణించి, పొందినవారికి ఒక్కొక్కరికి కంప్యూటరులో టైపు చేసిన నోటీసు ఇచ్చి, వెనుకకు రప్పించవలెను."

ల్యాప్‌టాప్‌లు రెండూ అదే రోజు వెళ్లిపోయాయి. సాయంత్రం ఆదిలక్ష్మి ఫోను చేసింది. పిల్ల చేరిపోయిందట. హాస్టల్లో మంచం ఇచ్చారట. "రొయ్యకి ఇంగిలీషులో ఇంకేదో పేరుందంటండీ, నోరు తిరగట్లేదంట" అని పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను.

నోటీసులు టైపు చేసి పంపే బాధ్యత సారు నాకే అప్పగించారు. మొదటి నోటీసు మట్టా సౌందర్యకి. "ఏవయ్యా, ఎప్పటికి పంపుతావు?" అని రోజూ అడుగుతున్నారు.

నాదేముంది? కంప్యూటరు రావడమే తరువాయి. కొనమని ఆ రోజే కొత్త ఫైలు పెట్టాను. ఈసారి పొరపాట్లకి తావు లేకుండా, రెండు కాదు, పోటీలో ఉన్న ఎనిమిది ప్రాసెసర్లనూ ఆడించి చూడాలని గట్టిగా సిఫార్సు చేశాను. సారు మెచ్చుకుని, ఆ వాక్యం కింద గీత గీశారు.